302-147: పుల్లలతో వస్తోంది, పలక మీద రావట్లేదు

ఊరి ప్రాథమిక పాఠశాలలో విద్యా వలంటీర్‌గా కొత్తగా చేరాను. 3, 4, 5 తరగతులు ఒకే గదిలో. చిక్కంతా నాలుగో తరగతి తీసివేతల దగ్గర.

52-27 లాంటివి అందరూ చేస్తున్నారు. 302-147 ఇస్తే కొందరు 245 రాస్తున్నారు, అంటే ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నారు. మిగతావాళ్లకు 145 వస్తోంది: వందల్లోంచి నేరుగా ఒకట్లకు అప్పు తెచ్చి, పదుల దగ్గర సున్నాలోంచి 4 పోతే 4 అంటున్నారు. ఈ రెండోదే మొండిది, అప్పు తేవడం వచ్చినవాళ్లే చేస్తున్నారు మరి.

చీపురు పుల్లలు పదేసి కట్టించి, పది కట్టలకో పెద్ద కట్ట వేయించాను. చేత్తో విప్పితే 155 సరిగ్గా చెబుతారు. పలక పట్టగానే మళ్లీ 145. గళ్లు గీసి పైన వ, ప, ఒ అని రాయించినా మారలేదు. సున్నా కొట్టేసి 9 వేయమంటే, అదెందుకో పట్టుబడక 500-236కు ఒకట్ల మీదా 9 వేసి 263 తెస్తున్నారు.

మిగతా రెండు తరగతులకు పని అప్పగించాక వీళ్లకు దొరికేది రోజుకు ఇరవై నిమిషాలే.

కట్ట విప్పడానికీ, పలక మీద అంకె మార్చడానికీ మధ్య మీరు ఏ అభ్యాసం చేయిస్తారు?