హోమ్‌ల పిల్లలను ఎన్నాళ్లు ఉంచుతరు?

కాజీపేట నుంచి: మా అక్క పోయినంక బావ తాగుడుకు పడ్డడు. పిల్లలు బడి మానేసిన్రు, అన్నం పక్కింటోళ్లే పెట్టిన్రు. ఎవరో 1098కు (ఆపదల ఉన్న పిల్లల కోసం ఉన్న నంబరు) ఫోన్ చేస్తే తీస్కపోయిన్రు. పిలగాడు ఒక హోమ్‌ల, ఐదేండ్ల పిల్ల ఇంకో హోమ్‌ల. అన్న పక్కన లేకుంటే అది నిద్రపోదు. నేను సాదుకుంట, ఎన్నాళ్లు ఆగాలె?

జవాబు: అక్కా, 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం సామాజిక విచారణ (పిల్లల ఇంటి పరిస్థితి తెలుసుకునుడు) 15 రోజుల్ల ముగియాలె, పిల్లలు ఎవరి దగ్గర ఉండాల్నో తేల్చే బాలల సంక్షేమ కమిటీ తుది ఉత్తర్వు 4 నెలల్ల ఇయ్యాలె. కానీ అడిగేటోళ్లు లేకుంటే 18 ఏండ్లు నిండేదాక అక్కడనే పెరిగే పిల్లలున్నరు. మీరు ఆగకున్రి.

ఇంకొకరు: ఇయ్యాలనే కమిటీకి దరఖాస్తు రాసియ్యున్రి. ఇద్దరినీ కలిపే ఇయ్యుమని అండ్లనే రాయున్రి, ఇది మర్వకున్రి. ఇల్లు చూడనీకి వస్తరు. అర్హత ఉంటే మిషన్ వాత్సల్య అనే సర్కారు పథకం కింద ఒక్కో బిడ్డకు నెలకు 4000 రూపాయల సాయం అడగొచ్చు.

కాజీపేట నుంచి: బావ ఒప్పుకోకుంటే?

జవాబు: ఆయన చెప్పేది గూడ కమిటీ వింటది. అయినా కమిటీ ముందుగాల చూడాల్సింది పిల్లల మేలే. పిల్లలను గూడ అడుగుతరు. అప్పటిదాక కమిటీ అనుమతి తీస్కొని పోయి కలుస్తుండున్రి.