స్టోనింగ్టన్ దీవుల్లో కయాక్ క్యాంపింగ్: రాత్రి పోటుకు పడవలు ఎక్కడ పెట్టాలి?

అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరంలో, స్టోనింగ్టన్ ఎదురుగా ఉన్న చిన్న గ్రానైట్ దీవుల్లో జూలైలో 2 రాత్రులు ఉండాలని అనుకుంటున్నాం. ముగ్గురం, మూడు సీ కయాక్‌లు (సముద్రంలో తెడ్డుతో నడిపే సన్నని పడవలు). నీళ్లు మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన 3 రోజులకు 36, పొగమంచుకు ఆగిపోతే ఇంకో రోజుకు 12, మొత్తం 48 లీటర్లు. ఒకటి చిల్లుపడినా అన్నీ పోకుండా 4 లీటర్ల సంచులు 12 తీసుకుంటాం. వాటిని సీటుకు దగ్గరగా, అడుగున సర్దుతాం. కొసల్లో బరువు పెడితే పడవ సులువుగా మలుపు తిరగదు.

అసలు చిక్కు ఆటుపోట్లు. అక్కడ నీటిమట్టం ఆరు గంటల్లో సుమారు 3 మీటర్లు మారుతుంది, పౌర్ణమికి ఇంకా ఎక్కువ. మేం వెళ్లేది సరిగ్గా అప్పుడే. నీరు తీసినప్పుడు దిగితే, నాచు పట్టిన బండల మీద నిండు కయాక్ మోయడం ప్రమాదం, ఈడిస్తే అడుగు గీరుకుపోతుంది. సామాను దించి, ఖాళీ పడవను ఇద్దరు మోయడమే మేలనిపిస్తోంది.

ఒడ్డున పోటు వదిలిపోయిన ఎండిన నాచు గీతకు ఎంత పైన పెడితే పౌర్ణమి పోటుకు భద్రం? చెట్టే లేని బండ మీద తాడు దేనికి కడతారు? మలం కూడా వెనక్కి తేవాలి కాబట్టి, మూత బిగిసే డబ్బా మంచిదా, మలాన్ని గట్టిపరిచే జెల్ పొడి ఉన్న సంచులా? అక్కడ దిగినవాళ్లు దయచేసి చెప్పండి.