కన్ను ఉబ్బు: హెచ్05.20 వేయాలా, హెచ్05.243 వేయాలా?

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఐ క్లినిక్ చార్టులు కోడ్ చేస్తుంటాను, అంటే జబ్బులకు ఐసీడీ-10-సీఎం కోడ్లు వేస్తుంటాను. హెచ్05.20 అంటే రకం చెప్పని కన్ను ఉబ్బు, హెచ్05.243 అంటే రెండు కళ్లకూ ఎప్పుడూ ఉండే ఉబ్బు. ఇవాళ్టి చార్టులో గ్రేవ్స్ వ్యాధి (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు), రెండు కళ్లకూ ప్రాప్టోసిస్ (కనుగుడ్డు ముందుకు పొడుచుకురావడం), హెర్టెల్ (కన్ను ఎంత ముందుకొచ్చిందో చూసే పరికరం) కొలత కుడి 24, ఎడమ 23 మిల్లీమీటర్లు. ‘కాన్‌స్టంట్’ (ఎప్పుడూ ఉండేది) అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఆడిట్ అంటే టెన్షన్, కాస్త చెప్పండి.

జవాబు 1: రెండు కళ్లూ అన్నారుగా, హెచ్05.243 కొట్టేయండి.

జవాబు 2: అలా కొట్టేస్తే క్యూఏ (నాణ్యత తనిఖీ) వాళ్లు ఊరుకోరు సార్. 05.24 అంటే ఎప్పుడూ ఉండే ఉబ్బు, వచ్చిపోయేదైతే 05.25, నాడిలా కొట్టుకుంటే 05.26. చివరి అంకె 1 కుడి, 2 ఎడమ, 3 రెండూ. ఉబ్బు ఎంతన్నదే హెర్టెల్ చెబుతుంది. ఎప్పుడూ ఉంటుందా లేదా అన్నది డాక్టరే రాయాలి. ఆయనకి క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పెట్టండమ్మా. అసలు ముందు కోడ్ పుస్తకం ఇండెక్స్ తెరవండి: థైరాయిడ్ వల్ల వచ్చిన ప్రాప్టోసిస్‌ని అది హైపర్‌థైరాయిడిజం (థైరాయిడ్ హార్మోన్ ఎక్కువవడం) వైపే పంపుతుంది. క్రైసిస్ (థైరాయిడ్ వల్ల ప్రాణం మీదికొచ్చే స్థితి) లేకపోతే ఈ05.00. చాలామంది దీన్నే వదిలేస్తారు.

ప్రశ్న అడిగినామె: క్రైసిస్ లేదండీ. ఈ05.00 ముందు పెట్టి, క్వెరీ పంపాను. జవాబొచ్చేదాకా చార్టు హోల్డ్‌లోనే.