గ్లోబు, టార్చి ప్రయోగంలో పగలు చిన్నది, రాత్రి పెద్దది వస్తోంది. తప్పెక్కడ?

ఆరో‌తరగతి‌సైన్సు:
భూభ్రమణం పాఠానికి 30 సెం.మీ. గ్లోబు, మామూలు టార్చి వాడుతున్నాం. టార్చి జానెడు దూరంలో పెడితే గ్లోబులో సగం కూడా వెలగడం లేదు. పైగా కొందరు పిల్లలు తిప్పితే సూర్యుడు పడమర ఉదయిస్తున్నాడు! ఇంకోటి: హైదరాబాద్‌లో పుల్ల పాతి చూస్తే నీడ 12 గంటలకి కాకుండా ఆ తర్వాతెప్పుడో పొట్టిదవుతోంది. ఎందుకు?

గోళం‌బల్ల:
టార్చి మరీ దగ్గరుందండి. సూర్యకిరణాలు మన దగ్గరికి దాదాపు సమాంతరంగా వస్తాయి, టార్చి వెలుగేమో విచ్చుకుంటూ వస్తుంది. జానెడు దూరం నుంచి అది గ్లోబు పక్కల దాకా చేరదు. అలా పెడితే భూమధ్యరేఖ మీద పగలు 9 గంటలే వస్తుంది. 3 మీటర్లు వెనక్కి జరపండి, పదకొండున్నర దాటుతుంది. అసలు ఈ గ్లోబు కొలతకి సూర్యుణ్ణి పెట్టాలంటే దాదాపు 33 మీటర్ల బంతిని మూడున్నర కిలోమీటర్ల అవతల పెట్టాలి!

అంత దూరం నుంచి టార్చి వెలుతురు చాలకపోతే గ్లోబు వదిలేసి టెన్నిస్ బంతి తీసుకోండి. మీటరు దూరం చాలు. కిటికీలు మూసి, వెనక తెల్ల గోడ లేకుండా చూసుకోండి. గోడ మీద పడి తిరిగొచ్చే వెలుతురు రాత్రి వైపుని బూడిదరంగు చేసేస్తుంది, అంచు తెలీదు.

ఇక తిప్పే దిక్కు. భారతదేశం మీకు ఎదురుగా ఉండగా గ్లోబుని కుడివైపుకి తొయ్యాలి. ఉత్తర ధ్రువం పైనుంచి చూస్తే గడియారం ముళ్ళకి ఎదురు దిక్కు. విశాఖ మీద ఒక చిన్న బొట్టుబిళ్ళ, హైదరాబాద్ మీద ఒకటి అంటించండి. రెంటి మధ్య 1.2 సెం.మీ. వస్తుంది. సరిగ్గా తిప్పితే విశాఖ బిళ్ళే ముందు వెలుగులోకి వస్తుంది. రేఖాంశాల తేడా 4.8 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు, అంటే 19 నిమిషాలు ముందు. రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీదున్నాయి కాబట్టి ఈ తేడా ఏడాది పొడవునా పెద్దగా మారదు.

మొదటి రోజు అక్షం వంపు జోలికి పోకండి. గ్లోబు స్టాండుని పక్కకి తిప్పి, వంపు టార్చి వైపూ కాకుండా, దానికి అవతలికీ కాకుండా పెట్టండి. లేకపోతే వంపు వల్లే రాత్రి అవుతుందనుకుంటారు.

నీడ‌గడియారం:
పుల్ల సంగతి నేను చెప్తా. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, అది కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. హైదరాబాద్ అక్కణ్ణించి 4 డిగ్రీలు పడమర, కాబట్టి అసలు మధ్యాహ్నం, అంటే సూర్యుడు అన్నిటికన్నా ఎత్తున ఉండి నీడ పొట్టిదయ్యే సమయం, సగటున 12:16కి. అదీ స్థిరం కాదు: నవంబరు మొదట్లో 12:00కే, ఫిబ్రవరి మధ్యలో 12:30కి. భూమి కక్ష్య కాస్త కోలగా ఉండటం, అక్షం వంగి ఉండటం దీనికి కారణాలు.

పొట్టి నీడ కోసం కాపు కాయకండి, ఆ సమయంలో నీడ దాదాపు కదలదు. పుల్ల చుట్టూ వృత్తం గియ్యండి. పొద్దున నీడ కొన వృత్తాన్ని తాకిన సమయం, మధ్యాహ్నం మళ్ళీ తాకిన సమయం రాసుకోండి. రెంటికీ సరిగ్గా మధ్యది మీ మధ్యాహ్నం. దారానికి రాయి కట్టి పుల్ల నిటారుగా ఉందో లేదో ముందే చూడాలి. కొంచెం ఒరిగినా లెక్క తప్పుతుంది. మే 9 ప్రాంతంలో సూర్యుడు హైదరాబాద్‌కి నడినెత్తిన ఉంటాడు, నీడే ఉండదు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది.

చుక్కల‌పొద్దు:
ఒక చిన్న అభ్యంతరం. గ్లోబుని ఆపి టార్చినే చుట్టూ తిప్పినా ఇవే పగలూ రాత్రీ వస్తాయి. కాబట్టి ఈ ప్రయోగం భూమి తిరుగుతుందని రుజువు చెయ్యదు, తిరిగితే ఏమవుతుందో చూపిస్తుందంతే. తెలివైన పిల్ల అడిగి తీరుతుంది. పడవలో పోయేవాడికి ఒడ్డున చెట్లు వెనక్కి పోతున్నట్టు కనిపించినట్టే, తిరిగే భూమి మీదున్న మనకి చుక్కలు పడమరకి పోతున్నట్టు కనిపిస్తాయని ఆర్యభట్టు 499లోనే పోలిక చెప్పాడు. రుజువు కావాలంటే 1851లో ఫూకో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పారిస్‌లో 67 మీటర్ల తీగకి వేలాడదీసిన లోలకం ఉంది: కింద భూమి తిరగడం వల్ల దాని ఊగే దిక్కు మెల్లగా తిరుగుతూ పోతుంది. హైదరాబాద్ అక్షాంశంలో ఆ చుట్టు పూర్తవడానికి 80 గంటలు, ఢిల్లీలో 50.

ఆరో‌తరగతి‌సైన్సు:
ధన్యవాదాలండీ. చివరగా ఒకటి: భూమి 23 గంటల 56 నిమిషాల్లో తిరుగుతుంటే రోజుకి 24 గంటలెందుకు?

చుక్కల‌పొద్దు:
ఒక చుట్టు అయ్యేసరికి భూమి కక్ష్యలో దాదాపు ఒక డిగ్రీ ముందుకి జరిగిపోతుంది. సూర్యుడు మళ్ళీ ఎదురుగా రావాలంటే ఇంకో డిగ్రీ తిరగాలి, దానికే ఆ 4 నిమిషాలు. నక్షత్రాలకి ఈ బాకీ లేదు, అందుకే ప్రతి చుక్కా రోజూ 4 నిమిషాలు ముందే ఉదయిస్తుంది. గడియారాన్ని చుక్కల లెక్కకి కడితే ఆరు నెలలకి 12 గంటల తేడా వచ్చి, పొద్దున మోగాల్సిన మీ బడి గంట రాత్రిపూట మోగుతుంది.