ఉన్నది ఒక్కటే ఫోన్. బీటా వేసుకోవాలా, స్టేబుల్ వచ్చేదాకా ఆగాలా?

చీరాల_చిన్నోడు
నా గూగుల్ పిక్సెల్ ఫోన్‌కి కొత్త ఆండ్రాయిడ్ బీటా, అంటే ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్, వేసుకోవచ్చని చూపిస్తోంది. పరీక్షలన్నీ అయ్యాక అందరికీ ఇచ్చే స్టేబుల్ ఇంకా రాలేదు. రూమ్మేట్ రెండు వారాల కిందటే వేసుకున్నాడు. వాడు కొత్త లాక్ స్క్రీన్ చూపించినప్పటి నుంచి మనసు లాగుతోంది, చెయ్యి మాత్రం ఆడట్లేదు. యూపీఐ, బ్యాంకు యాప్, ఆఫీసు లాగిన్ కోడ్, ఊళ్లో నాన్న మందులకి డబ్బులు పంపడం, అన్నీ ఈ ఒక్క ఫోన్‌లోనే. వాడినవాళ్లు చెప్పండి. ఊరికే "ఏం కాదులే" అనకుండా, మీకేమైందో చెప్పండి.

హన్మకొండ_రిపేర్
తమ్ముడూ, వద్దు. పదకొండేళ్లుగా షాపు నడుపుతున్నా. బీటా ఎక్కడం తేలిక, దిగడమే కష్టం. మధ్యలో వద్దనుకుని స్టేబుల్‌కి రావాలంటే ఫోన్‌లో ఉన్న డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఆ మాట బయటికొచ్చేటప్పుడు స్క్రీన్ మీద రాసే ఉంటుంది, చదివేవాళ్లేరీ?

పోయినేడు ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. బీటాలో కాల్స్ కట్ అవుతున్నాయని తనే బయటికొచ్చేసింది. ఫోన్ ఖాళీ. చనిపోయిన నానమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు అందులోనే ఉన్నాయట, వాట్సాప్ బ్యాకప్ ఆన్ చేసి లేదు. "ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది కదా అంకుల్" అని ఐదారుసార్లు అడిగింది. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు సంకేతాల్లోకి మారి ఉంటుంది. ఒకసారి రీసెట్ కొడితే దాని తాళంచెవి కూడా పోతుంది, నా చేతిలో ఏమీ ఉండదు. కౌంటర్ మీద చెయ్యి పెట్టి ఆ ఖాళీ స్క్రీన్ వైపే చూస్తూ నిలబడింది. అప్పటి నుంచి ఎవరడిగినా ఒకటే చెబుతున్నా, వద్దని.

డాలస్_భీమవరం
అన్నా, ఆ అమ్మాయి విషయం వింటే బాధగా ఉంది. కానీ అది బ్యాకప్ లేకపోవడం వల్ల జరిగిన నష్టం. ఫోన్ కాలవలో పడినా అవి పోయేవే. నేను ఏడేళ్లుగా మెయిన్ ఫోన్‌లోనే బీటా వాడుతున్నా.

స్టేబుల్ అని పేరు పెట్టినంత మాత్రాన భద్రం అయిపోదు. 2014 సెప్టెంబర్ 24న ఆపిల్ ఐఫోన్లకి ఐఓఎస్ 8.0.1 అనే అప్‌డేట్ ఇచ్చింది. అది స్టేబులే. వేసుకున్న ఐఫోన్ 6లలో సిగ్నల్ పోయింది, వేలిముద్ర పనిచేయలేదు. గంటా గంటన్నరలో వెనక్కి తీసుకున్నారు. 2020 ఆఖర్లో షావోమీ ఎంఐ ఏ3కి ఆండ్రాయిడ్ 11 వచ్చింది. అదీ స్టేబులే, ఫోన్లు ఆన్ కాకుండా పోయాయి. ఇక 2018 ఫిబ్రవరి మనవాళ్లెవరూ మర్చిపోరు. ‘జ్ఞా’ అనే మన అక్షరం ఒక రకం కూర్పుతో మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్ కుప్పకూలేది. స్టేబుల్ వాడేవాళ్లు ఆ దెబ్బ తిన్నారు. అప్పటికే ఐఓఎస్ 11.3 బీటాలో ఉన్నవాళ్లకి ఆ బాధ లేదు, అందులో సరిచేసేశారు. మరి ఎవరు భద్రంగా ఉన్నట్టు?

హన్మకొండ_రిపేర్
నువ్వు చెప్పినవన్నీ నిజమే. తర్వాత ఏం జరిగిందో కూడా చూడు. 8.0.1 పాడైతే మర్నాడే 8.0.2 వచ్చింది. ఎంఐ ఏ3కి వారంటీ ఉన్నా లేకపోయినా సర్వీస్ సెంటర్‌లో ఉచితంగా బాగుచేస్తామని కంపెనీ చెప్పాల్సి వచ్చింది. ‘జ్ఞా’ కోసం 11.3 దాకా ఆగలేదు, ఫిబ్రవరి 19న 11.2.6 విడిగా ఇచ్చారు. స్టేబుల్ చెడితే కంపెనీ జవాబు చెప్పాలి. బీటాకి మనం ముందే "తెలిసే వేసుకుంటున్నా" అని ఒప్పుకుంటాం. తర్వాత వెర్షన్ వచ్చేదాకా వారాలు ఓర్చుకోవాల్సిందే. ఈ కుర్రాడు నాన్న మందుల డబ్బులు పంపాలి. బ్యాంకు యాప్ తెరుచుకోకపోతే ఎన్నాళ్లు ఓర్చుకుంటాడు?

ఫోన్ తుడిచి స్టేబుల్‌కి వచ్చినా, యూపీఐకి మళ్లీ సిమ్ నుంచి మెసేజ్ పంపి రిజిస్టర్ చేసుకోవాలి. కొన్ని బ్యాంకులు మొదటి రోజు ఎక్కువ మొత్తం పంపనివ్వవు.

అక్షరాల_అక్క
‘జ్ఞా’ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. నేను గుంటూరులో డీటీపీ చేస్తాను, పొద్దస్తమానం తెలుగు టైపింగే. అప్పుడు దెబ్బ కొట్టిన కూర్పు ఇది: జ, పొల్లు, ఞ, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు, చివర దీర్ఘం. ఇంగ్లీషు మాత్రమే వాడే టెస్టర్లు లక్షమంది ఉన్నా ఇది పట్టుకోలేరు. జ్ఞానం, విజ్ఞానం, జ్ఞాపకం అని రోజూ రాసేవాళ్లు కావాలి.

అందుకే మనలో కొందరు బీటాలో ఉండి తీరాలని నా పట్టుదల. నేను రెండో ఫోన్‌లో వాడతాను. సిమ్ లేదు, డబ్బు యాప్‌లు లేవు. ఒక బీటాలో నోటిఫికేషన్‌లో ‘స్వాతంత్ర్యం’ అని వస్తే వత్తుల అడుగుభాగం సగానికి తెగిపోయేది, కత్తెరతో కోసినట్టు. స్క్రీన్‌షాట్ తీసి, ఎక్కడ తెగిందో ఎర్ర గీత గీసి, ఫీడ్‌బ్యాక్ యాప్‌లో పంపాను. ఆ బీటాకి ఇంకో రెండు అప్‌డేట్లు వచ్చిన తర్వాత సరిగ్గా కనిపించింది. నా ఒక్కదాని రిపోర్టుతోనే అయిందని అనను, కానీ పంపకపోతే ఎవరు చెబుతారు?

చిన్నోడా, ఉన్న ఒక్క ఫోన్‌తో ఆ పని చెయ్యకు నాన్నా.

డాలస్_భీమవరం
అక్కా, రెండో ఫోన్ అందరికీ ఉండదు కదా. చదువుకునే పిల్లాడు కుతూహలం చంపుకోవాలా? ఆండ్రాయిడ్ 16నే తీసుకోండి. 2025 మార్చిలో వచ్చిన మూడో బీటాకే లోపలి మార్పులు ఖరారైపోయాయి, స్టేబుల్ జూన్ 10న వచ్చింది. ఆ చివరి బీటాలు చాలావరకు నిలకడగానే ఉంటాయి. మొదటి బీటా వద్దంటే ఒప్పుకుంటా. చివరివి బ్యాకప్ తీసుకుని వేసుకోవచ్చు. స్టేబుల్ రాగానే అది వేసుకుని, తర్వాతి బీటా ఫోన్‌లోకి రాకముందే బీటా నుంచి బయటికొచ్చేస్తే డేటా కూడా పోదు.

హన్మకొండ_రిపేర్
ఆ ఆఖరి వాక్యం బంగారం, అందరూ రాసి పెట్టుకోండి. ఇంకో మాట. భద్రతా లోపాలు సరిచేయడానికి నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌ని మాత్రం వాయిదా వెయ్యకండి. పెద్ద వెర్షన్ మారేటప్పుడు వారం ఆగినా నష్టం లేదు, స్టేబుల్ అయినా సరే. 2022 ఆగస్టులో పిక్సెల్ 6కి ఆండ్రాయిడ్ 13 వచ్చినప్పుడు వేసుకున్నాక 12కి తిరిగి వెళ్లే దారే మూసేశారు.

చీరాల_చిన్నోడు
అందరికీ థ్యాంక్స్. ఈ ఫోన్ స్టేబుల్‌లోనే ఉంచుతున్నా. భీమవరం అన్నా, మీ మాట తప్పని కాదు, నాన్న డబ్బుల దగ్గర నాకు టెన్షన్ ఎక్కువ. వాయిస్ మెసేజ్‌ల సంగతి చదివి ముందు వాట్సాప్ బ్యాకప్ ఆన్ చేశా, అమ్మ ఫోన్‌లో కూడా. అక్కా, స్క్రీన్ మూల పగిలిన పాత ఫోన్ ఒకటుంది. దానికి కొత్త బీటాలు రావు. దాంతో మీకేమైనా సాయం చెయ్యగలనా?

అక్షరాల_అక్క
భేషుగ్గా. సిస్టమ్ బీటా రాకపోతేనేం, ప్లే స్టోర్‌లో జీబోర్డ్ అనే గూగుల్ కీబోర్డ్ యాప్ పేజీ కిందికి వెళ్తే బీటాలో చేరే బటన్ ఉంటుంది. నచ్చకపోతే బయటికొచ్చి, యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటే చాలు. చేరాక ఇవి టైప్ చేసి చూడు: స్త్రీ, జ్ఞానం, ఉత్ప్రేక్ష, స్వాతంత్ర్యం, వైశిష్ట్యం, కార్త్స్న్యం. ఒక్కో అక్షరం వెనక్కి చెరిపేటప్పుడు వత్తు ఒక్కటే పోతోందా, గుణింతం మొత్తం పోతోందా గమనించు. తేడా కనిపిస్తే స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టు.