గొంతులో ఉండ ఉన్నట్టుంది, ఇంకా ఏ పరీక్ష చేయించాలి?

మా అమ్మకు కొన్ని నెలలుగా గొంతులో ఏదో ఉండ అడ్డుపడ్డట్టు ఉంటోంది. అన్నం, నీళ్లు మామూలుగానే దిగుతాయి. ఉత్తినే ఉమ్మి మింగినప్పుడే, మెడ గుంటకు కాస్త పైన వేలు పెట్టి "ఇదిగో, ఇక్కడే" అంటుంది. నొప్పి లేదు, గొంతు బొంగురుపోలేదు, బరువూ తగ్గలేదు.

ఈఎన్‌టీ డాక్టర్ ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూసి, స్వరపేటిక బాగానే ఉందన్నారు. థైరాయిడ్ స్కానింగ్‌లోనూ గడ్డలేమీ లేవు. యాసిడ్ పైకి ఎగదన్నుతోందేమోనని పరగడుపున పాంటాప్రజోల్ ఇస్తున్నాం, పెద్దగా తేడా లేదు.

ఇప్పుడు ఒక డాక్టర్ ఎండోస్కోపీ అంటున్నారు, ఇంకొకరు బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే చాలంటున్నారు. అన్నవాహికలో యాసిడ్‌ను 24 గంటలు కొలిచే పీహెచ్ పరీక్ష, కండరాల ఒత్తిడి చూసే మానోమెట్రీ కూడా ఉన్నాయట. మింగడం కష్టంగా లేనప్పుడు ఇవన్నీ అవసరమా? ముందు ఏది చేయించడం మేలు?

క్యాన్సరేమోనన్న భయంతో అమ్మకు రాత్రిళ్లు నిద్ర లేదు. ఆ టెన్షన్‌కే గొంతు మరింత బిగుసుకుంటోందని నాకనిపిస్తోంది. పీహెచ్ పరీక్ష కోసం ముక్కులో గొట్టంతో రోజంతా ఉండాలంటే ఇప్పటినుంచే హడలిపోతోంది. ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు ఉంటే, తినడం, పడుకోవడం ఎలా కుదిరిందో దయచేసి చెప్పండి.