అడ్డసరం ఆకుల సారంలో రెండో మచ్చ ఎక్కడిది?

హనుమకొండలో ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదువుతున్నాను. పాకాల దారిలో కోసిన అడ్డసరం ఆకులను వారం రోజులు నీడన ఆరబెట్టి, పొడి చేసి, అందులోని ఆల్కలాయిడ్లను (మొక్కల్లో ఉండే నత్రజని గల క్షార పదార్థాలను) వేరుచేయడానికి 20 గ్రాములు మిథనాల్‌లో నానబెట్టాను. సారం గోరింటాకు ముద్దలా వచ్చింది, పత్రహరితమంతా అందులోనే! సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపి వడగట్టి, అమ్మోనియాతో పీహెచ్ 9కి తెచ్చి, క్లోరోఫామ్‌తో కుదిపితే పొరలు విడిపోవు. మధ్యలో మజ్జిగ నురగలా నిలిచిపోతోంది. ఉప్పునీళ్లు పోస్తే కొంత నయం.

అసలు చిక్కు వేరే ఉంది. టీఎల్‌సీ (పలుచని పొరపై పదార్థాలను మచ్చలుగా విడదీసే పద్ధతి) పలకపై, ఆల్కలాయిడ్లను నారింజ రంగులో చూపించే డ్రాగెన్‌డార్ఫ్ ద్రావణం చల్లితే రెండు నారింజ మచ్చలు కనిపించాయి. అడ్డసరంలోని ప్రధాన ఆల్కలాయిడ్ వాసిసిన్ గాలి తగిలితే ఆక్సీకరణం చెంది వాసిసినోన్‌గా మారుతుందని చదివాను. రెండోది అదేనా, లేక ఆకులో మొదటి నుంచీ ఉన్న మరో ఆల్కలాయిడా? ప్రామాణిక నమూనా కొనే స్థోమత లేదు. పచ్చి ఆకులతో మళ్లీ చేసి పోల్చి చూస్తే తేలుతుందా? ఆ నురగ విరగడానికి మీరు ఏమి చేస్తారు?